మన మీది చందనాన్ని ఒలిచి చూసుకోవడం ఎలా?

మా ఇంట్లో వీధి తలుపు వెనక ఒక మేకు ఉంది. 27 ఏళ్లు దానికి నా ఐడీ కార్డు వేలాడింది. నీలం తాడు, ప్లాస్టిక్ తొడుగు, లోపల ఫోటో, పేరు, నంబరు, కింద ‘ఫోర్‌మన్, మెయింటెనెన్స్’ అని అచ్చు. విశాఖలో గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్న రోజు సాయంత్రం ఆ కార్డు గేటు దగ్గర అప్పగించి వచ్చేశాను. మర్నాడు పొద్దున పాలకని బయల్దేరితే నా చెయ్యి తనంతట తనే మేకు మీదికి వెళ్లింది. అక్కడ కార్డు లేదు. తాడు రాసుకుని రాసుకుని గోడ మీద పడిన నల్లటి గీత ఉంది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. "ఏవండీ, పాలకు మీరు వెళ్తున్నారా, నన్ను వెళ్లమంటారా?" అని మా ఆవిడ అడిగితే కదిలాను.

ఆ తర్వాత ఏడాది బాగా గడవలేదు. డబ్బుకు ఇబ్బంది లేదు, ఒంట్లోనూ బాగానే ఉంది. కానీ పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లాలంటే టెన్షన్. "ఇప్పుడేం చేస్తున్నారు?" అని ఎవరైనా అడుగుతారేమోనని భయం. పోయింది ఉద్యోగం ఒక్కటే అయినా నేనే పోయినట్టు ఉండేది. ఆ గుంటలోంచి మెల్లగా పైకి రావడానికి నాకు పనికొచ్చిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. నాలుగేళ్లుగా నేను చేస్తున్నదే చెప్తాను, చెయ్యనిది చెప్పను. మీకు ఉద్యోగం పోయి ఉండనక్కర్లేదు. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయినా, పరీక్షలో ర్యాంకు తప్పినా, అన్నీ ఉండి కూడా పొద్దున లేవగానే ‘ఎందుకు లేచాను’ అనిపిస్తున్నా, ఇది మీకోసమే.

ముందు ఒక మాట గురించి

ఉపాధి అంటే ఇవాళ మనందరికీ తెలిసిన అర్థం బతుకుతెరువు. ఉపాధి హామీ పథకం, ఉపాధి అవకాశాలు, అన్నిట్లో అదే. వేదాంతంలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. ఒక వస్తువు పక్కన చేరి, తన గుణాన్ని ఆ వస్తువుదే అన్నట్టు చూపించేదాన్ని ఉపాధి అంటారు. దానికి పెద్దలు చెప్పే ఉదాహరణ స్ఫటికం, మందార పువ్వు. స్ఫటికం పక్కన ఎర్ర మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు దానిలోకి దిగలేదు, దానికేమీ అంటలేదు. పువ్వును తీసెయ్యాల్సిన పని కూడా లేదు. ఎరుపు పువ్వుదని తెలిస్తే చాలు.

ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఉన్నాయని తట్టిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఉపాధే నాకు ఉపాధి అయింది. 27 ఏళ్లు మందారం పక్కన ఉండి ఆ ఎరుపు నాదే అనుకున్నాను.

మందారాలు చాలా రకాలు. మా అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాక కూడా మా ఆవిడ ఆరు నెలలు పాత కొలతతోనే దోసెల పిండి రుబ్బింది. పులిసిపోతోంది, కాస్త తగ్గించరాదా అంటే, "చెయ్యి తగ్గట్లేదండీ" అంది. ‘పిల్లలకు వండిపెట్టే అమ్మ’ అనేది ఆమె చేతికే అంటుకుపోయింది. క్లాసులో ఫస్ట్ వచ్చేవాణ్ణి, ఇంటికి పెద్దకొడుకుని, ఫలానా వాళ్ల కోడల్ని, రోగిష్టిదాన్ని, నాకెప్పుడూ అన్యాయమే జరుగుతుంది, ఇవన్నీ మందారాలే. నా అనుభవంలో వీటన్నిటిలో చివరిది గట్టిగా పట్టుకుంటుంది. గొప్ప పేరునైనా వదలగలం గానీ దెబ్బతిన్నవాణ్ణి అనే పేరును వదలడం చాలా కష్టం.

ఒలవడం, చూసుకోవడం, మళ్లీ పూసుకోవడం

పేరు వదలడం అనగానే కొందరు ఉద్యోగం మానెయ్యాలేమో, ఇల్లు విడిచిపెట్టాలేమో అనుకుంటారు. విశాఖ చుట్టుపక్కల పుట్టినవాళ్లకు దీన్ని సింహాచలం కొండ మీది సింహాద్రి అప్పన్నను చూపించి చెప్తే ఇట్టే అర్థమవుతుంది. ఏడాదంతా స్వామి చందనం కిందే ఉంటాడు. పైకి లింగంలా కనిపిస్తాడు. అక్షయ తృతీయ నాడు మాత్రం చందనం ఒలుపు చేసి, వరాహ నరసింహ నిజరూపాన్ని చూపిస్తారు. ఏడాదికి ఆ ఒక్కరోజే. రాత్రి అభిషేకం అయ్యాక మళ్లీ చందనం సమర్పిస్తారు. అదీ ఒక్కసారే కాదు. ఆ రాత్రి తొలి విడత, వైశాఖ పౌర్ణమికి రెండోది, జ్యేష్ఠ పౌర్ణమికి మూడోది, ఆషాఢ పౌర్ణమికి నాలుగోది. ఒలిచిన చందనాన్ని పారెయ్యరు, ప్రసాదంగా ఇస్తారు. మా అమ్మ దాన్ని కుంకుమ భరిణె పక్కన చిన్న డబ్బాలో దాచుకునేది.

చిన్నప్పటి నుంచి చూస్తున్నదే అయినా, ఉద్యోగం వదిలాకే నాకు ఇందులో దారి కనిపించింది. మన మీది పూత కూడా విడతలు విడతలుగా పడింది కాబట్టి మన ఒలుపు ఒక్క రోజులో కాదు. ఒలిచింది చెడ్డదేమీ కాదు. ఒలిచాక మళ్లీ పూసుకునే బతకాలి, ఎందుకంటే రేషన్ కార్డుకూ బ్యాంకుకూ మీ పేరు కావాలి, మీ పిల్లలకు నాన్నో అమ్మో కావాలి. ఒక్కసారి లోపలిది చూసినవాడికి మాత్రం పైది చందనమని తెలిసి ఉంటుంది.

మొదటి పని: ఒక రోజంతా ‘నేను’ను రాసుకోండి

జేబులో పట్టే చిన్న పుస్తకం, ఒక పెన్ను కొనుక్కోండి. ఫోన్లో రాయొద్దు. రాద్దామని తీస్తే వాట్సాప్‌లోకి వెళ్లిపోతారు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మీ నోటి నుంచి గానీ మనసులో గానీ ‘నేను ఫలానా’ అన్న మాట వచ్చిన ప్రతిసారీ రాసుకోండి. ఎవరితో అన్నారో అక్కర్లేదు, మాట ఒక్కటే చాలు. మొదటి రోజు నా పుస్తకంలో 41 పడ్డాయి. అందులో సగం ఎవరూ అడక్కుండా నాకు నేను చెప్పుకున్నవే.

సాయంత్రం ఆ మాటల్ని చదవండి. తెలుగులో ఒక చిత్రం కనిపిస్తుంది. మనం ‘నేను’ను పేరుకే అతికించేస్తాం. టీచర్ని, పెద్దవాణ్ణి, ఒంటరిదాన్ని, ఫెయిలైనవాణ్ణి. చివర ఉన్న ఆ ‘ని’ జిగురు లాంటిది. ఒక్క అక్షరంతో మనిషీ పేరూ ఒకటైపోతాయి. కానీ అదే తెలుగులో ఇంకో వాక్యం కూడా ఉంది. నాకు ఆకలి వేసింది. నాకు కోపం వచ్చింది. నాకు భయం వేసింది. నాకు నిద్ర పట్టింది. ఇక్కడ కోపం నేను కాదు. అది ఎక్కడి నుంచో వచ్చింది, నా దగ్గరికి వచ్చింది, వచ్చింది గనుక పోతుంది కూడా. చుట్టాలు వచ్చినట్టు వస్తుంది. మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. రోజూ అదే మాట్లాడుతూ మనమే వినలేదు.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది. పుస్తకంలో ‘ని’తో ముగిసే ప్రతి వాక్యాన్నీ పక్క పేజీలో తిరగరాయండి. ‘నేను కోపిష్టివాణ్ణి’ అని ఉంటే ‘ఇవాళ రెండుసార్లు నాకు కోపం వచ్చింది’ అని రాయండి. ‘నేను ఫెయిలైనవాణ్ణి’ అని ఉంటే ‘ఆ పరీక్షలో నాకు మార్కులు చాలలేదు’ అని రాయండి. ‘నేను ఫోర్‌మన్‌ని’ అన్నది నేను ‘27 ఏళ్లు మోటార్లు బాగుచేశాను’ అని రాసుకున్నాను. రెండూ నిజమే గానీ, రెండోది రాసినప్పుడు ఛాతీలో ఏదో సడలింది. ఒక వారం ఇలా చెయ్యండి. ఈ వారంలో ఏమీ మారకపోయినా ఫర్వాలేదు. మీ మీద ఎన్ని పూతలున్నాయో తెలిస్తే అదే పెద్ద పని.

రెండో పని: గుచ్చుకున్న చోట ఆగండి

ఏ పేరు మీకు గట్టిగా అంటుకుందో పుస్తకం పూర్తిగా చెప్పదు. ఎక్కడ గుచ్చుకుంటుందో ఆ చోటే చెప్తుంది.

ఒకసారి మద్దిలపాలెంలో ఒక పెళ్లికి తప్పక వెళ్లాల్సి వచ్చింది. భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడ్డాను, పులిహోర వడ్డించారు. పాత సహోద్యోగి కొడుకు తన భార్యకు నన్ను పరిచయం చేస్తూ, "అంకుల్ నాన్నతో పాటు పనిచేసేవారు" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు పాపం. కానీ ఆ ‘చేసేవారు’ నా ఎడమ పక్కటెముకల కింద సూదిలా దిగింది. నోట్లో పులిహోర మింగుడు పడలేదు. మామూలుగా అయితే వెంటనే ఏదో ఒకటి చెప్పి, నా పాత రోజుల గొప్పలు రెండు కలిపి, ఆ నొప్పిని కప్పేసేవాణ్ణి. ఆ రోజు కప్పలేదు. ప్లేటు పట్టుకుని పక్కకు వెళ్లి, నొప్పి ఒంట్లో ఎక్కడుందో చూశాను. పది ఊపిరులు లెక్కపెట్టాను. ఆరో ఏడో ఊపిరికి అది పక్కటెముకల నుంచి గొంతుకు వచ్చింది, ఆ తర్వాత పల్చబడింది. అప్పుడు అడిగాను, ఈ దెబ్బ ఎవరికి తగిలింది? ప్లేటు పట్టుకున్న చేతికి తగల్లేదు. చూస్తున్న కళ్లకు తగల్లేదు. కార్డు మీద అచ్చైన ఆ రెండు మాటలకు తగిలింది.

మీరూ అంతే చెయ్యండి. గుచ్చుకున్నప్పుడు జవాబు ఇవ్వడం కాస్త ఆపండి. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో వెతకండి. పది ఊపిరులు దాని పక్కన ఉండండి. తర్వాత, ఏ పేరుకు తగిలిందో ఒక్క మాటలో పుస్తకంలో రాయండి. అన్న మనిషి మీద కోపం తీర్చుకునే ఆలోచనలు వస్తే రానివ్వండి, వాటిని మాత్రం రాయకండి. నెల తిరిగేసరికి మూడు నాలుగు పేర్లే మళ్లీ మళ్లీ వస్తున్నాయని మీకే తెలుస్తుంది. మీ చందనంలో మందంగా ఉన్న పూతలు అవే.

మూడో పని: వారానికోసారి పేరు లేకుండా ఒక గంట

మన ఊళ్లో ఉన్న వరం బీచ్ రోడ్డు. పొద్దున్నే వాకింగ్ వాళ్లకోసం బండ్లు ఆపేస్తారు. ఫోను, వాచీ ఇంట్లో పెట్టి రండి. కుర్సురా జలాంతర్గామి దగ్గర మొదలుపెట్టి కోస్టల్ బ్యాటరీ వైపు నడవండి. తెలిసినవాళ్లు కనిపిస్తే నవ్వండి, ఆగి కబుర్లలో పడకండి. నియమం ఒక్కటే. ఆ గంటలో మీ గురించి ఎవరికీ ఏమీ చెప్పొద్దు, మీకు మీరు కూడా చెప్పుకోవద్దు. కాలి కింద నేల, చెవిలో అల, ముఖం మీద ఉప్పుగాలి, ఇవి చాలు.

నాకు ఈ సంగతి నిజంగా అర్థమైంది పెదజాలారిపేట దగ్గర. నడుస్తూ నడుస్తూ ఇసుకలోకి దిగాను. పదిహేను ఇరవైమంది రెండు వరసల్లో ఒడ్డు నుంచి వల లాగుతున్నారు. ఒక పెద్దాయన నన్ను చూసి, "ఏటి బాబూ అలాగ సూత్తన్నావు, ఓ సెయ్యేద్దూ" అన్నాడు. తాడు పట్టుకున్నాను. తడి తాడు, ఇసుక గరుకు, అరచెయ్యి మండింది. అందరూ ఒక్కసారి వెనక్కి వాలితే వల ఒక జానెడు వస్తుంది, అల వెనక్కి లాగితే మళ్లీ బెత్తెడు పోతుంది. అరగంట లాగాం. నేనెవరో ఎవరూ అడగలేదు. నాకూ గుర్తు రాలేదు. వల ఒడ్డుకు చేరి, వెండి రంగు చేపలు ఇసుక మీద ఎగిరిపడుతుంటే, ఈ అరగంటలో నేను ఎక్కడికీ పోలేదు కదా, ఉన్నాను కదా అనిపించింది. పేరు లేదు, నేనున్నాను. ఏడాదిగా నన్ను తిన్న భయం ఆ ఇసుకలో సగం దిగిపోయింది.

హుద్‌హుద్ రోజులు గుర్తున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 2014 అక్టోబరు 12న తుపాను తగిలాక కొన్ని రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు, కైలాసగిరి మీద పచ్చని ఆకు లేదు. నీళ్ల ట్యాంకరు ముందు బిందె పట్టుకుని నిలబడినవాళ్లలో ఎవరు ఆఫీసరో ఎవరు వాచ్‌మనో తెలిసేది కాదు. నష్టం చాలా పెద్దది, అందులో మంచి వెతకడం నాకు ఇష్టం లేదు. కానీ అపార్ట్‌మెంట్లో పేరు తెలియని మనుషులు ఒకరి ముసలివాళ్లను ఒకరు మెట్ల మీదుగా మోసుకెళ్లడం నేను చూశాను. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచేవాళ్లకు దారి పొడవునా మజ్జిగ, మంచినీళ్లు ఇచ్చేవాళ్లను చూడండి. గ్లాసు ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ పేర్లతో పని లేదు. వీలైతే ఈసారి ఇచ్చేవాళ్ల వరసలో నిలబడండి.

నాలుగో పని: కూర్చుని చూడడం

రోజూ ఇరవై నిమిషాలు. ఇంట్లోనే చెయ్యొచ్చు. నేను మొదలుపెట్టింది మాత్రం తొట్లకొండ మీద. భీమిలి రోడ్డులో ఎడమ చేతి వైపు కొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు అక్కడ చిన్న చిన్న గదుల్లో ఉండి ధ్యానం చేసేవారు. ఆ గదుల పునాదులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక్కో గది ఒక మనిషి పడుకోవడానికి సరిపోతుంది. ఆ కొలత చూస్తే మనిషికి నిజంగా ఎంత చోటు కావాలో తెలుస్తుంది. ఎదురుగా సముద్రం.

పద్ధతి ఇది. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి, కుర్చీ అయినా ఫర్వాలేదు. మొదటి ఐదు నిమిషాలు బయటి చప్పుళ్లు వినండి. కాకి, ఆటో, పక్కింటి కుక్కర్ విజిల్. ప్రతి చప్పుడూ మీకు వినిపిస్తోంది, మీరు ఆ చప్పుడు కారు. తర్వాత ఒంటికి రండి. మోకాలి నొప్పి, వేళ్ల చివర వెచ్చదనం, కడుపు కదలిక. ఇవి కూడా మీకు తెలుస్తున్నవే. తర్వాత ఊపిరి. ఆ తర్వాత ఆలోచనలు. ఇక్కడ కాస్త కష్టం, ఎందుకంటే ఆలోచన వచ్చిన మరుక్షణం దానితో పాటు వెళ్లిపోతాం. వెళ్లిపోయారని తెలిసిన క్షణమే తిరిగొచ్చినట్టు. తిట్టుకోవద్దు. ‘ఇదొక ఆలోచన, ఇది కూడా తెలుస్తోంది’ అనుకుని ఊరుకోండి. మన పెద్దలు అన్నమయ, ప్రాణమయ, మనోమయ, విజ్ఞానమయ, ఆనందమయ అని ఐదు కోశాలు చెప్పారు. కోశం అంటే ఒర. ఒర తెలుస్తోంది కాబట్టి కత్తి వేరే ఉందన్నది వాళ్ల లెక్క. అన్నిటినీ ఇది కాదు, ఇది కాదు అని దాటుకుంటూ పోవడమే నేతి నేతి.

చివరి ఐదు నిమిషాల్లో ఒక్కసారి మాత్రం అడగండి, ‘ఇవన్నీ ఎవరికి తెలుస్తున్నాయి?’ జవాబు కోసం తడుముకోవద్దు. నోటితో వచ్చే ఏ జవాబైనా ఇంకో పేరే అవుతుంది. ప్రశ్న వేసి, ఆ నిశ్శబ్దంలో ఉండండి. రమణ మహర్షి 1896లో, పదహారేళ్ల వయసులో, మదురైలో నేల మీద శవంలా పడుకుని ‘ఈ శరీరం పోతే నేను పోతానా’ అని లోపల చూసుకున్నారు. జీవితమంతా తన దగ్గరికి వచ్చినవాళ్లకు ఈ విచారణనే ముఖ్యంగా చెప్పారు. మనకు ఆయనకు తెలిసినట్టు ఒక్క రోజులో తెలియకపోవచ్చు. నాకు తెలియలేదు. కానీ ఎనిమిది నెలలు కూర్చున్నాక, కోపం వస్తుండగానే వస్తోందని తెలియడం మొదలైంది. అంతకుముందు వెళ్లిపోయాక తెలిసేది.

చూసేవాడు ఒకడున్నాడని వేదాంతం చెప్తుంది. తొట్లకొండ మీద కూర్చున్న భిక్షువులు రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం అనే ఐదిటిలో ఎక్కడా ‘నేను’ దొరకదని చెప్పేవారు. ఈ రెండిటి మధ్య వందల ఏళ్ల వాదన ఉంది. మీరు ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. కార్డు మీది పేరు మీరు కాదన్న దగ్గర ఇద్దరికీ పేచీ లేదు, మనకు ముందు కావాల్సింది అదే.

ఒక జాగ్రత్త మాత్రం తప్పక చెప్పాలి. ‘నేను’ను వదలడం అంటే మనసు మొద్దుబారడం కాదు. కూర్చుంటే గుండె దడ పెరుగుతున్నా, చుట్టూ ఉన్నదంతా కలలా అనిపించి భయం వేస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని లేకపోయినా ఈ అభ్యాసం ఆపేసి డాక్టరును కలవండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. నామోషీ అనిపిస్తే అది కూడా ఒక పేరే, పుస్తకంలో రాసుకోండి.

ఐదో పని: పేరు తీసేశాక మిగిలిన పనిని పట్టుకోండి

జీవితానికి లక్ష్యం ఏమిటని నేరుగా అడిగితే మనసు మళ్లీ ఒక పేరే తెచ్చి ఇస్తుంది. రచయితనవుతా, సంఘసేవకుణ్ణవుతా అంటుంది. మూడు రోజుల్లో మీ జీవిత లక్ష్యం చూపిస్తామని వేలకు వేలు కట్టించుకునే తరగతులు ఇచ్చేదీ అదే. అందుకే లక్ష్యాన్ని ముందు వెతకొద్దు. ఒలిచాక ఏం మిగిలిందో చూడండి.

నా సంగతి చెప్తాను. మోటారు నడుస్తుంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ ఉన్న చోట ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి చప్పుడు వినిపిస్తుంది. బేరింగ్ బాగుంటే ఒకే తీరుగా, మెత్తగా ఉంటుంది. గ్రీజు ఆరిపోతే గరగరమంటుంది. లోపల చిట్లు పడితే లెక్క తప్పకుండా టక్, టక్, టక్ అని కొట్టుకుంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు అన్నీ ఒకటేలా ఉన్నాయి సార్ అనేవాళ్లు. నాకు మాత్రం ఏ గంటలో అది పట్టేస్తుందో కూడా దాదాపు తెలిసేది. పుస్తకంలో ‘27 ఏళ్లు మోటార్లు బాగుచేశాను’ అని రాసిన చాలా రోజులకు, ఆ వాక్యం కూడా ఇంకాస్త ఒలవొచ్చని తట్టింది. మోటార్లు కంపెనీవి. ఫోర్‌మన్ కార్డుది. నాది వినడం. చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఇంకేమీ ఆలోచించకుండా వినడం. ఇరవై నిమిషాలు కూర్చుని నేను లోపల చేస్తున్నదీ అదే. ఎరుక అని ఎక్కడో దూరంగా ఉందనుకున్నది 27 ఏళ్లుగా నా చేతిలోని స్క్రూడ్రైవర్ చివరే ఉంది. అది తెలిశాక నేనేం చెయ్యాలో ఎవరినీ అడగాల్సిన పని రాలేదు. ఆదివారాలు మా కాలనీలో ఐటీఐ చదివే నలుగురు పిల్లలకు వినడం నేర్పుతున్నాను. అపార్ట్‌మెంట్ల నీళ్ల మోటార్లు మా బడి.

మీది తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి. పదేళ్ల వయసులో ఎవరూ చెప్పకుండా మీరు చేసిన పని ఏది? అమ్మనో, మేనత్తనో అడగండి, వాళ్లకు గుర్తుంటుంది. ఉద్యోగంలోగానీ ఇంట్లోగానీ, చూసేవాళ్లు లేకపోయినా మీరు శ్రద్ధగా చేసే ముక్క ఏది? ఎదుటివాళ్ల ఏ కష్టాన్ని చూస్తే మీరు పక్కనుంచి దాటిపోలేరు? మా వీధిలో బ్యాంకులో రిటైరైన ఒకావిడ ఉన్నారు. నవంబరు వచ్చిందంటే పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్లు ఇవ్వాలి కదా, వేలిముద్రలు పడక ముసలివాళ్లు తిప్పలు పడుతుంటారు. ఆమె వాళ్ల ఇళ్లకు వెళ్లి, పక్కన కూర్చుని, ఓపిగ్గా ఆ పని అయ్యేలా చూస్తారు. మేనేజరుగా ఉన్నప్పుడు ఇంత సంతోషం ఎరగనని ఒకసారి అన్నారు.

దొరికిన పనిని ఒక మండలం, అంటే నలభై రోజులు, ఎవరికీ చెప్పకుండా చెయ్యండి. స్టేటస్ పెట్టొద్దు, ఫోటో తియ్యొద్దు, ఇంట్లోవాళ్లకు తప్ప తెలియనివ్వొద్దు. చెప్పాలని నోరు దురద పెడుతుంది. ఆ దురదనూ రెండో పనిలో చెప్పినట్టే చూడండి. నలభై రోజుల తర్వాత కూడా చెయ్యాలనిపిస్తే అది మీదే. అనిపించకపోతే వదిలేసి ఇంకోటి చూడండి, నష్టం లేదు.

మళ్లీ పూసుకోవడం

ఇది రోజూ చెయ్యాల్సిందే అయినా చాలా చిన్నది. ఆఫీసు గేటు దగ్గరో, ఇంటి గుమ్మం దగ్గరో లోపలికి వెళ్లబోయే ముందు ఒక్క ఊపిరి ఆగండి. ‘ఇప్పుడు నాన్న అనే చందనం పూసుకుంటున్నాను’ అనుకోండి. తర్వాత ఆ పాత్రను పూర్తిగా, ప్రేమగా చెయ్యండి. అంటీ ముట్టనట్టు తిరగడం వైరాగ్యం కాదు, ఇంట్లోవాళ్లను నొప్పించడం. పేరు పూతేనని తెలిసినవాడు ఇంకా బాగా తండ్రి కాగలడు, ఎందుకంటే పిల్లలు మాట వినకపోతే తన పరువు పోయిందని అరవడు.

ఒక పూత గురించి మాత్రం మెలకువగా ఉండండి. ఈ పనులన్నీ కొన్నాళ్లు చేశాక ‘నేను సాధకుణ్ణి, వీళ్లకేం తెలుసు’ అనే కొత్త చందనం చడీచప్పుడు లేకుండా వచ్చి చేరుతుంది. నాకు చేరింది. ఒకరోజు భోజనాల దగ్గర మా ఆవిడకు సాక్షీభావం గురించి, అంటే లోపల వచ్చేవాటిని పక్కనుంచి చూడడం గురించి చెప్తున్నాను. ఆమె పెరుగు వడ్డిస్తూ, "మీరు చెప్పేది బాగుందండీ, కానీ ఈ మధ్య నేను చెప్పేది మీరు వినట్లేదు" అంది. ఆ రాత్రి పుస్తకంలో ఒకే ఒక్క మాట రాశాను, ‘సాధకుణ్ణి’ అని. మర్నాటి నుంచి సాయంత్రం అరగంట ఆమె పక్కన కూర్చుని వింటున్నాను. ఇప్పుడు ఆమె ఇద్దరికి సరిపడానే పిండి రుబ్బుతోంది.

పోయిన సంక్రాంతికి ఇంటికి రంగులు వేయించాం. తలుపు వెనక ఆ నల్లటి గీతను చూసి పెయింటర్ కుర్రాడు, "లప్పం పెట్టేయమంటారా సార్?" అని అడిగాడు. వద్దన్నాను. మేకుకు ఇప్పుడు స్క్రూడ్రైవర్ ఉన్న చేతిసంచీ వేలాడుతోంది. ఆదివారం పొద్దున దాన్ని తీసుకునేటప్పుడు వేళ్లు ఆ గీతకు తగులుతాయి. అక్కడే ఒక్క ఊపిరి ఆగి, తలుపు తీస్తాను.